తొండ దగ్గర ఆగండి: మన చుట్టూ ఉన్న బల్లి జాతి జీవుల్ని వాటి చోటే గమనించడం ఎలా

పిట్టల్ని చూడటానికి బైనాక్యులర్స్ మెడలో వేసుకుని పొద్దున్నే బయల్దేరేవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. అదే దారిలో గోడ మీద ఎండ కాచుకుంటున్న తొండ దగ్గర ఆగేవాళ్ళు మాత్రం తక్కువ. కొత్తగా ప్రకృతిని గమనించాలనుకునేవాళ్ళు తొండతోనే మొదలుపెట్టాలని నా సలహా. అది ఎగిరిపోదు. జత కట్టే కాలంలో మగ తొండ ఒక గోడనో, ఒక కంచెనో తనదిగా చేసుకుని రోజుల తరబడి అక్కడే తిరుగుతుంది. ఇవాళ చూసినదాన్నే రేపు కూడా చూడొచ్చు. ఎన్ని రకాలు చూశామన్న లెక్క తర్వాత వేసుకుందాం. ముందు ఒక్కదాన్ని నింపాదిగా చూడటం అలవాటు చేసుకుంటే మిగతావి వాటంతట అవే కంటికి ఆనడం మొదలవుతాయి.

ఒక చోటు ఎంచుకోండి

అడవికి వెళ్ళనక్కర్లేదు. ఇంటి నుంచి పది నిమిషాల నడకలో ఉన్న చోటు చాలు, ఎందుకంటే అక్కడికి మీరు మళ్ళీ మళ్ళీ వెళ్ళగలగాలి. పాత రాతి గోడ, చెరువు కట్ట, పొలం గట్టు, కాలేజీ క్యాంపస్‌లో కొట్టకుండా వదిలేసిన పొదలు, కాలనీ వెనక మిగిలిన నల్లబండలు, వీటిలో ఏదైనా పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఉంటే కేబీఆర్ పార్క్ నడకదారి, విశాఖలో ఉంటే కంబాలకొండ మంచి చోట్లు.

ఎంచుకున్న చోటును మొదటి రెండు మూడు సార్లు జంతువు కోసం కాకుండా చోటు కోసమే చూడండి. పొద్దున ఎండ ముందుగా ఎక్కడ పడుతుంది? మధ్యాహ్నం నీడ ఎక్కడికి జరుగుతుంది? పగుళ్ళు, తొర్రలు, రాళ్ళ కుప్పలు ఎక్కడున్నాయి? చీమలబారులు ఎటు పోతున్నాయి? తొండకు కావలసినవి మూడే: ఒళ్ళు కాచుకోవడానికి ఎండ, వెంటనే దూరడానికి ఒక సందు, తినడానికి పురుగులు. ఈ మూడూ పక్కపక్కన ఉన్న చోట అది ఉండి తీరుతుంది. ఖాళీగా కనిపిస్తే, మీరు వచ్చే లోపే అది గోడ అవతలి వైపుకు తిరిగిపోయిందని అర్థం.

వేళ చూసుకోండి

ఈ జీవులు ఒంట్లో వేడిని మనలా పుట్టించుకోలేవు. బయటి నుంచి తెచ్చుకోవాలి. కాబట్టి ఎప్పుడు వెళ్ళాలో మన తీరిక కాదు, ఎండే చెబుతుంది. చలికాలంలో తొమ్మిది దాటాక వెళ్ళండి, మధ్యాహ్నం దాకా కనిపిస్తూనే ఉంటాయి. వేసవిలో ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు, మళ్ళీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. నడి ఎండలో రోళ్ళు పగులుతుంటే అవి కూడా నీడకే చేరతాయి, మీరూ ఇంట్లో ఉండండి. వర్షాకాలంలో అన్నిటికన్నా మంచి సమయం వాన వెలిసి ఎండ వచ్చిన మొదటి అరగంట. దాక్కున్నవన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి.

పొద్దున్నే కనిపించే తొండ ముదురు రంగులో ఉండి, ఒంటిని ఎండకు అడ్డంగా, బల్లపరుపుగా తిప్పుకుని ఉంటుంది. నలుపు వేడిని తొందరగా పీల్చుకుంటుంది కదా. ఒళ్ళు కాగాక రంగు తేలిపోతుంది. ఇది మీరు గమనించగల మొదటి రంగుమార్పు. దీనికి పరిసరాల్లో కలిసిపోవడంతో సంబంధం లేదు.

దగ్గరికి వెళ్ళే పద్ధతి

నేరుగా దాని మీదికి నడవకండి. దాన్ని చూడనట్టే పక్కగా, కొంచెం ఏటవాలుగా నడిచి, ఆగి, మళ్ళీ రెండడుగులు వేయండి. మీ నీడ దాని మీద పడితే ఆట అక్కడితో ముగిసింది. డేగ నీడకూ మనిషి నీడకూ అది తేడా చూడదు. అందుకే సూర్యుడు మీ వీపు వెనక ఉన్నప్పుడు నీడ ఎటు సాగుతోందో చూసుకోండి. చేయి చాపి వేలు చూపించడం, ఒక్కసారిగా కూర్చోవడం మానండి. అది తల ఎత్తి ఒళ్ళు బిగించిందంటే మీరు దాని హద్దు దగ్గరికి వచ్చేశారు. అక్కడే నిలబడిపోండి. చాలాసార్లు ఐదారు నిమిషాల్లో మిమ్మల్ని మరిచిపోయి దాని పని అది చేసుకుంటుంది.

దగ్గరి వస్తువుల మీద ఫోకస్ కుదిరే బైనాక్యులర్ ఉంటే ఎంత మేలో చెప్పలేను. ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, రెండు మీటర్ల దూరంలో కూడా స్పష్టంగా కనిపించేది అడిగి తీసుకోండి. లేకపోయినా టెన్షన్ పడాల్సిన పని లేదు, ఫోన్ కెమెరా జూమ్‌తో కూడా తొండ పొలుసులు లెక్కపెట్టొచ్చు.

రాళ్ళు తిప్పి చూడాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. వద్దు. రాయి కింద నెలల తరబడి ఏర్పడిన తేమ, చల్లదనం ఒక్కసారి కదిపితే పోతాయి. పైగా పగుళ్ళలో, రాళ్ళ కింద కట్లపాము, రక్తపింజర ఉండే అవకాశం ఎప్పుడూ ఉంది. కంటికి కనిపించని చోట చేయి పెట్టకండి, కాలు వేయకండి. మడమలు కప్పే బూట్లు వేసుకోండి. పొరపాటున పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం లాంటివి చేయకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి.

ఏది ఏదో తెలుసుకోవడం

మీరు ఎక్కువగా చూడబోయేది మామూలు తొండనే. శాస్త్రవేత్తలు దాన్ని కలోటిస్ వెర్సికలర్ అంటారు, 1802లో పెట్టిన పేరు. మెడ నుంచి వీపు మీదుగా రంపం పళ్ళలాంటి ముళ్ళ వరస, తలకు రెండు పక్కలా చెవి గుంటకు పైన రెండు చిన్న ముళ్ళు, శరీరానికి రెండింతలకు పైగా ఉండే తోక దాని గుర్తులు. వేసవి నుంచి వానల దాకా మగదాని తల, భుజాలు ఎర్రగా మారతాయి, గొంతు పక్కల నల్లమచ్చ తేలుతుంది. పల్లెల్లో పిల్లలు రక్తం తాగుతుందని దీన్ని రాళ్ళతో కొడతారు. అది తాగేది రక్తం కాదు, తినేది పురుగుల్ని. ఆ ఎరుపు ఆడదానికి పిలుపు, పక్క మగదానికి హెచ్చరిక. రెండు మగవి ఎదురుపడితే ముందుకాళ్ళ మీద లేస్తూ వంగుతూ దండీలు తీస్తాయి, తల ఊపుతాయి, గొంతు ఉబ్బిస్తాయి. ఓడిపోయినదాని ఎరుపు చూస్తుండగానే వెలిసిపోతుంది. ఇది మీ కళ్ళ ముందు జరిగే దాకా ఆ గోడ దగ్గరికి వెళ్తూనే ఉండండి, తప్పక దొరికే దృశ్యమే ఇది.

బండలున్న చోట రాతి తొండ ఉంటుంది. వీపు మీద ముళ్ళ వరస ఉండదు, ఒళ్ళు అణచినట్టు చదునుగా ఉంటుంది, పగుళ్ళలోకి జారడానికి అది వీలు. ఆడవి, పిల్లలు బూడిద గోధుమ రంగు చుక్కలతో రాయిలో కలిసిపోతాయి. జత కట్టే కాలంలో మగది మాత్రం పైన పసుపో నారింజో, పక్కన నలుపో వేసుకుని బండ మీద ఎత్తైన చోట కూర్చుంటుంది. బెంగళూరు చుట్టుపక్కల వీటి మీద పని చేసిన పరిశోధకులు ఒక చిత్రమైన సంగతి గమనించారు: ఆడది ఎదురైతే మగదాని వీపు ఎర్రబడి పక్కలు నల్లబడతాయి, ఇంకో మగది ఎదురైతే వీపు పసుపుగా, పక్కలు నారింజగా మారతాయి. ఎవరితో మాట్లాడుతున్నామో దాన్ని బట్టి చొక్కా మార్చుకున్నట్టు. రాయలసీమ గుట్టల్లో, హైదరాబాద్ శివారు బండల మీద నిలబడి మీరూ దీన్ని పరీక్షించుకోవచ్చు. ఆ బండలు క్వారీలకు, వెంచర్లకు పోతున్న వేగం చూస్తే మాత్రం తొందరగా చూసుకోమని చెప్పాలి.

చెట్టూ బండా లేని మెట్ట బీళ్ళలో, తీరం వెంట ఇసుక నేలల్లో అరచేతిలో పట్టేంత చిన్న తొండ ఒకటి పరిగెడుతుంది. తొందరగా పారిపోవాల్సి వస్తే వెనక కాళ్ళ మీదే లేచి ఉరుకుతుంది. దీని పేరు సిటానా. మగదాని గొంతు కింద విసనకర్రలా విచ్చుకునే తిత్తి ఉంటుంది. మార్చి నుంచి జూన్ మధ్యలో ఒక చిన్న రాయి మీదికెక్కి ఆ తిత్తిని టపటపా తెరిచి మూస్తుంటుంది. ఒళ్ళంతా మట్టి రంగు కాబట్టి ఆ కదలికే మీకు ఆనవాలు. బీడు మధ్యలో నిలబడి ఒక్కో రాయినీ వరసగా చూడండి.

ఊసరవెల్లి సంగతికొస్తే, తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత ఉంది కానీ, రెండూ వేరు వేరు కుటుంబాలు. మన దేశం మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క ఊసరవెల్లి జాతి. పక్కల నుంచి నొక్కినట్టు పల్చని శరీరం, దేని దారి దానిదిగా తిరిగే రెండు కళ్ళు, పట్టకారులా రెండుగా చీలిన పాదాలు, చుట్టుకునే తోక, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అనుమానం తీరిపోతుంది. నడక కూడా చిత్రంగా, గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. పగలు ఆకుల్లో దీన్ని పట్టుకోవడం కళ్ళకు కష్టం. వానాకాలం, చలికాలం మొదట్లో ఆడది గుడ్లు పెట్టడానికి చెట్టు దిగుతుంది, అప్పుడే రోడ్ల మీద నలిగిపోతుంది కూడా. చిట్టడవుల మధ్య నుంచి వెళ్ళే దారుల్లో బండి నెమ్మదిగా నడపండి. దాటుతున్నది కనిపిస్తే ఆగి దాటనివ్వండి. వెనక లారీ వస్తుంటే ఒక కర్ర దాని ముందు పెట్టి ఎక్కించుకుని, అది ఏ వైపు వెళ్తోందో ఆ వైపు పొదలోనే వదలండి.

నలికిరిని చూసి భయపడేవాళ్ళు పామును చూసి భయపడేవాళ్ళకేం తీసిపోరు. నునుపైన, మెరిసే పొలుసులు, పొట్టి కాళ్ళు, ఎండుటాకుల్లో సర్రున జారే నడక వల్ల పాము కింద జమకట్టి చంపేస్తారు. దానికి విషం లేదు. మన నేలల్లో ఉన్న ఏ తొండకూ, ఏ బల్లికీ, ఏ నలికిరికీ మనిషిని చంపే విషం లేదు. ఆకులు కుళ్ళుతున్న చోట, కుండీల వెనక చప్పుడు వింటే కదలకుండా ఆగండి. ఒక చిన్న జాతి నలికిరి పిల్లకు తోక ఎర్రగా ఉంటుంది. శత్రువు తలను వదిలి తోక మీద పడాలని ఆ ఏర్పాటు. తోక తెగినా మళ్ళీ మొలుస్తుంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కొవ్వు దాచుకునేది అందులోనే. తోక పోయిన నలికిరి కరువు రోజులకు దాచుకున్న తిండి పోగొట్టుకున్నట్టే. అందుకే పట్టుకోవడం, తరమడం వద్దు.

రాత్రి నడక

తొండను వెతకడానికి అన్నిటికన్నా సులువైన సమయం రాత్రి. ఇది చాలామందికి తెలియదు. చీకటి పడ్డాక తొండలు సన్నని కొమ్మల చివర, ముళ్ళకంచె తీగల మీద ఒళ్ళు చాపి నిద్రపోతాయి. పాము ఎక్కితే కొమ్మ కదిలి మెలకువ వస్తుందని ఆ ఏర్పాటు అని చెబుతారు. నిద్రలో రంగు పాలిపోయి, టార్చి వెలుగులో ఆకుల మధ్య తెల్లగా కనిపిస్తాయి. ఊసరవెల్లి కూడా అంతే. పగలంతా వెతికినా దొరకనిది రాత్రి ఎనిమిది తర్వాత ఒక్క చుట్టుకే దొరకొచ్చు.

టార్చిని నడుము దగ్గర కాకుండా కణత పక్కన పట్టుకోండి, లేదా తలకు కట్టుకునే లైటు వాడండి. కన్నూ వెలుగూ ఒకే వరుసలో ఉంటే బల్లుల కళ్ళు మిణుక్కుమంటాయి. నిద్రపోతున్నదాని ముఖం మీద వెలుగు ఎక్కువసేపు ఉంచకండి. మెలకువ వచ్చి కింద పడితే చీకట్లో దానికి దిక్కుండదు. ఒక్కరే వెళ్ళకండి. అభయారణ్యాల్లోకి రాత్రిపూట వెళ్ళనివ్వరు, వెళ్ళకూడదు కూడా. సొంత పొలం, క్యాంపస్, కాలనీ తోట చాలు.

వేప, చింత మాన్లను కింది నుంచి పైదాకా చూడండి. బెరడు రంగులోనే, ఇంటి బల్లి కంటే లావుగా ఉన్న బల్లి కనిపిస్తే అది చెట్టు బల్లి. పెద్ద బండల మీదైతే మన దేశపు పెద్ద బల్లుల్లో ఒకటి ఉండొచ్చు. హెమిడాక్టైలస్ జైగాంటియస్ అనే ఆ జాతిని 1871లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది భద్రాచలం దగ్గరి గోదావరి లోయ నుంచే. బల్లి వేళ్ళ అడుగు భాగాన్ని ఒకసారి గాజు కిటికీ అవతలి నుంచి చూడండి. అడ్డంగా మడతలుంటాయి, వాటి మీద కంటికి కనిపించనంత సన్నని లక్షల వెంట్రుకలుంటాయి. అంటుకునేది జిగురుతో కాదు, ఆ వెంట్రుకలకూ గోడకూ మధ్య అణువుల స్థాయిలో ఉండే ఆకర్షణతో. దానికి కనురెప్పలు లేవు కాబట్టి కన్ను తుడుచుకోవాల్సి వస్తే నాలుకతో నాక్కుంటుంది. ఇదంతా మీ హాల్లో ట్యూబులైటు పక్కనే జరుగుతోంది.

రాసుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, గంట, ఎండా మబ్బా, నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఎండలోనా నీడలోనా, ఏం చేస్తోంది. ఇంతే. జాతి పేరు తెలియకపోతే ఖాళీ వదిలేయండి, ఆ తర్వాత నింపుకోవచ్చు. చేస్తున్న పనిని మాత్రం అప్పటికప్పుడే రాయాలి, ఇంటికొచ్చి రాస్తే సగం పోతుంది. తెగిన తోక, పోయిన వేలు, పాత గాటు లాంటి గుర్తులు బొమ్మ వేసుకుంటే పదిలో మీ తొండ ఏదో తెలిసిపోతుంది.

ఫొటోలు తీసేటప్పుడు పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తల దగ్గరగా ఒకటి, కాలివేళ్ళు కనిపించేలా ఒకటి, అది ఉన్న చోటంతా పట్టేలా ఒకటి తీయండి. అందమైన ఒక్క ఫొటో కంటే ఈ ఐదూ గుర్తింపుకు ఎక్కువ పనికొస్తాయి. ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే తెలిసినవాళ్ళు పేరు చెబుతారు, మీ ఊరి రికార్డు నలుగురికీ అందుతుంది. అరుదైనవైతే చోటు వివరాలు దాచే సెట్టింగ్ తప్పకుండా వాడండి, ఎందుకంటే వేటగాళ్ళకూ ఫోన్లున్నాయి.

మొదటి వానలు పడ్డాక ఆడ తొండ మీద కన్నేసి ఉంచండి. పొట్ట ఉబ్బి, నేల మీద ఎక్కువసేపు గడుపుతుంటే గుడ్లకు చోటు వెతుకుతోందన్నమాట. మెత్తబడిన మట్టిని ముందుకాళ్ళతో తవ్వి, పది ఇరవై గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మూతితో అణిచి వెళ్ళిపోతుంది. ఆ చోటును తవ్వకండి, ఇటుకో ఏదో గుర్తు పెట్టి కాళ్ళు పడకుండా చూడండి. దాదాపు నెలన్నరలో పిల్లలు బయటికొస్తాయి. ఆ వారం రోజూ పొద్దున వెళ్ళి చూడండి.

ఉడుము కోసం, బంగారు బల్లి కోసం

ఒక కాలమంతా మీ చోటును చూశాక దూరం వెళ్ళండి. ఉడుము కోసం పుట్టలున్న పొలాల అంచులు, వాగుల ఒడ్డు, తొర్రలున్న పాత చెట్లు వెతకాలి. ఎండెక్కాక బయటికొచ్చి, చీలిన నాలుకను చాపుతూ లోపలికి లాక్కుంటూ నడుస్తుంది. గాలిలోని వాసనను ఆ నాలుకతో అందుకుని నోటి పైభాగంలో ఉన్న అవయవానికి అందిస్తుంది. నాలుక ఏ వైపు ఎక్కువసార్లు పోతోందో చూస్తే అది ఎటు తిరగబోతోందో ముందే చెప్పొచ్చు. గుడ్లను తరచుగా చెదల పుట్టలోనే పెడుతుంది.

దీన్ని మాంసానికి, నూనెకు, తోలుకు చంపుతున్నారు. పూజకు వాడే అరుదైన వేరు అంటూ హత్తాజోడి పేరుతో అమ్మేది చాలావరకు వేరే కాదు, మగ ఉడుము జననాంగాన్ని కోసి ఎండబెట్టింది. మీ ఇంట్లోవాళ్ళు కొనబోతే ఈ మాట తప్పక చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, వేటకు మూడు నుంచి ఏడేళ్ళ దాకా జైలు. ఎవరైనా పట్టి తీసుకెళ్తుంటే మీరు గొడవ పడకుండా అటవీశాఖకు ఫోన్ చేయండి.

బల్లి పడితే దోషమని కంచికి వెళ్ళి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చినవాళ్ళు మనలో ఎందరో. ప్రాణమున్న బంగారు బల్లి శేషాచలం కొండల్లో ఉందని మాత్రం వాళ్ళలో చాలామందికి తెలియదు. బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి 1870లో తిరుపతి కొండల నుంచి దీన్ని వర్ణించాడు. 1980లలో అక్కడే మళ్ళీ రికార్డయింది. జత కట్టే కాలంలో మగది నిజంగానే పసుపు బంగారంలా మెరుస్తుంది. నీళ్ళు పారే లోయల పక్కన, లోతైన చల్లని బండ పగుళ్ళలో ఉంటుంది. చాలా ఆడవి ఒకే బండకు గుడ్లు అతికిస్తాయి, పిల్లలు వెళ్ళిపోయాక కూడా ఆ తెల్లని మచ్చలు మిగులుతాయి. ముందు ఆ మచ్చల కోసం చూడండి.

విశాఖ వైపు వెళ్తే ఇంకొకటి ఉంది. పసుపు, నలుపు పట్టీల లెపర్డ్ గెకో అనే బల్లి. దీనికి మామూలు బల్లులకు లేని కనురెప్పలున్నాయి, గోడలెక్కే మెత్తలు లేవు. 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అని కొత్త జాతిగా పేరు పెట్టారు, అందుకు ఆధారమైన నమూనా విశాఖలో దొరికిందే. విషజంతువని చంపడం ఒకవైపు, పెంపుడు జంతువుల అక్రమ వ్యాపారం ఇంకోవైపు దాన్ని తరుముతున్నాయి. కొండల్లోకి వెళ్ళే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి, స్థానిక గైడ్ ఉంటే వెంట తీసుకెళ్ళండి, దొరికిన పగులు ఎక్కడుందో మీ నోట్‌బుక్‌లో తప్ప ఇంకెక్కడా రాయకండి.